చేనులో లేని గోధుమ

శ్రావణమాసంలో వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల కిరాణా దుకాణాలకు ఒక కొత్త బేరం వస్తుంది. గోధుమపిండి కాదు, రవ్వ కాదు, గోధుమ గింజలు. దుకాణం పిల్లగాడు గోనె సంచి మూతి విప్పుతూ మా అక్కను అడిగాడు: "తీజ్‌కేనా అక్కా? మొలకకా, తినేదానికా?" మొలకకైతే పురుగు ముట్టిన పాత సరుకు కాకుండా చూసి ఇస్తాడట. మొలకకు కావలసినవి ముందే తండాకు చేరాయి. ఇవి పండుగ నైవేద్యం చుర్మోకు. నాలుగు కిలోలు కట్టించి, పక్క గిర్నీలో పట్టించి, వేడివేడి పిండి సంచీని ఒళ్లో పెట్టుకుని నర్సంపేట బస్సెక్కాం.

అక్క అంటే తోడబుట్టింది కాదు. హన్మకొండలో మా వాడకట్టులోనే ఉంటుంది. జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతుంది. పుట్టిల్లు పాకాల చెరువు దిక్కు ఒక లంబాడీ తండా. "రా చెల్లె, రేపు ఢమోళి. తిని, నిమజ్జనం చూసి వద్దువు" అంది.

గీసుకొండ, మచ్చాపూర్, గిర్నిబావి. కిటికీలోంచి కనబడేదంతా పత్తి, మొక్కజొన్న, వరి. అక్కడక్కడ మిర్చి నారుమళ్లు. ఈ నేలలోదే చపాటా మిర్చి, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోధుమ చేను మాత్రం ఒక్కటీ లేదు. నేను పుట్టి పెరిగిన ఈ జిల్లాలో ఎక్కడా చూడలేదు. తండాల్లో రోజూ తినేది జొన్నరొట్టె, ఈమధ్య ఎక్కువగా అన్నం. మరి ఏడాదికోసారి తీజ్ పండుగకు తొమ్మిది రోజులపాటు, పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పోసి, నీళ్లు పెట్టి, పాటలు పాడి పెంచేది గోధుమనే. జొన్న ఎందుకు కాదు? అక్కను అదే అడిగాను.

"జొన్న ఇక్కడికొచ్చినంక నేర్చుకున్నది. గోధుమ వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నది" అంది. తర్వాత తనే నవ్వింది. "ఇది మా అమ్మ చెప్పే మాట. క్లాసులో చెప్పాలంటే ఇంకో తీరుగ చెప్తా."

క్లాసులో చెప్పే తీరు కూడా బస్సులోనే విన్నాను. లంబాడీల మాట గోర్‌బోలీకి చుట్టరికం రాజస్థానీ, మార్వాడీ వైపు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊళ్లకు ఊళ్లు తిరిగిన బిడారు జనం. దక్కన్ మీదికి వచ్చిన మొగలు సైన్యాలకు తిండిగింజలు మోసింది వీళ్లే. రైలు 1874లో సికింద్రాబాద్‌కు వచ్చింది, 1889కల్లా వరంగల్ మీదుగా బెజవాడ దాకా పోయింది. మూపుల మీద బస్తాలు మోసే ఎద్దుకు రైలుతో పోటీ ఎక్కడిది? దానికితోడు 1871 నాటి నేరజాతుల చట్టం దేశంలో చాలాచోట్ల వీళ్లను పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టింది. బిడారు ఆగిన చోటల్లా తండా అయింది. నిజాం రాజ్యంలో ఈ కథంతా ఎట్లా నడిచిందో చరిత్రకారుడు భంగ్యా భూక్యా 2010లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశాడు. అక్క దాని జిరాక్సు ఇంట్లో బైండు చేయించి పెట్టుకుంది.

ఇంతలో తల్లి ఫోను. అక్క గొంతు మారిపోయింది. చరిత్ర లెక్చరరు పోయి, ఆలస్యానికి తిట్లు తింటున్న కూతురు మిగిలింది. ఆ గోర్‌బోలీ ధారలో నాకు చిక్కినవి 'లోను', 'ఆధార్', 'యూరియా' మాత్రమే.

2011 జనాభా లెక్కల్లో లంబాడీని తల్లిభాషగా రాయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 32 లక్షల పైచిలుకు. ఆ అంకె విడిగా అచ్చయింది గానీ, మొత్తం కూడేటప్పుడు హిందీ పద్దులో కలిసిపోయింది. ఆ మాటంటే అక్కకు నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది. "మా అమ్మకు హిందీ సినిమా పెడితే పదినిమిషాల్లో గురక పెడ్తది. లెక్కల్లో మాత్రం ఆమె హిందీ ఆమె." సొంత లిపి లేదు కాబట్టి ఈ మాటను తెలంగాణలో తెలుగు అక్షరాల్లో, మహారాష్ట్రలో నాగరిలో, కర్ణాటకలో కన్నడంలో రాసుకుంటారు. హోదా కూడా అంతే. తెలంగాణలో 1976 సవరణ చట్టంతో షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. ఒకే తల్లి పిల్లలకు మూడు రాష్ట్రాల్లో మూడు సర్టిఫికెట్లు. ఇక్కడి హోదా మీదా తగవు ఉంది. లంబాడీలను ఎస్టీ జాబితాలోంచి తీసేయాలని ఆదివాసీ సంఘాలు 2017 నుంచి గట్టిగా పట్టుబడుతున్నాయి. కోయల, గోండుల భయాలు కొట్టిపారేసేవి కావు. కానీ ఆ వాదన వేడెక్కినప్పుడల్లా 'అసలు మీరు ఎక్కడివాళ్లు' అన్న ప్రశ్న తండా గుమ్మం ముందుకొచ్చి నిలబడుతుంది. అక్కలాంటి వాళ్లను ఎక్కువ కాల్చేది అదే.

నర్సంపేటలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. తండా మొదట్లో గ్రామపంచాయతీ బోర్డు. 2018 చట్టంతో తండాలు పంచాయతీలయ్యాక వచ్చింది. దాని పక్కన లంబాడీల గురువు సేవాలాల్ గుడి, తెల్లజెండా. డాబాల మధ్య ఇంకా రెండు మూడు పెంకుటిళ్లు. తండా పెద్ద నాయక్ ఇంటి ముందు పందిరి కింద మంచె, దాని మీద వరసగా బుట్టలు. పుట్టమట్టి, మేకల ఎరువు కలిపి నింపిన ఆ బుట్టల్లో జానెడు ఎత్తు మొలక. ఎండ తగలక లేత పసుపులో ఉంది. కింది నుంచి కళ్లు చికిలించి చూస్తే తప్ప ఆకుపచ్చ కనబడదు. ఎవరి బుట్ట ఎవరిదో పిల్లలకు తెలుసు. ఒకరి మొలక పొట్టిగా ఉంటే మిగతావాళ్లు ఆడిపోసుకుంటున్నారు. మొలక ఏపుగా వస్తే మంచి మొగుడొస్తాడని నమ్మకం. నర్సింగ్ చదివే పిల్లొకతి, "నాకు మొగుడొద్దు, పోస్టింగ్ కావాలె" అంటూనే చెంబెడు నీళ్లు ఎక్కువే పోసింది.

మొదటి రోజు సాయంత్రం జరిగిన బోరడి ఝష్కేరో నేను చూడలేదు. ఫోన్లో చూపించారు. నానబెట్టిన శనగల్ని ఆడపిల్లలు రేగుముళ్లకు గుచ్చాలి. గుచ్చుతుంటే బావ వరసైనవాళ్లు కొమ్మను ఊపుతారు. వేలికి ముల్లు దిగినా 'అబ్బా' అనకూడదు. వీడియో నిండా అబ్బా అన్న కేకలే.

అక్క తల్లిని నేనూ యాడి (అమ్మ) అనే పిలిచాను, అందరూ అదే పిలుస్తారు గనుక. డెబ్బై దాటి ఉంటుంది. పేటియా అనే లంగా, కాంచళి అనే రవిక, చెవుల పక్క వేలాడే వెండి టోప్లీలు. అక్క వదినలు చీరల్లో ఉన్నారు, పిల్లలు డ్రెస్సుల్లో. ఫిబ్రవరి 15న సర్కారు చేసే సేవాలాల్ జయంతి రోజు పిల్లలు కూడా అద్దాల పేటియాలు కట్టి స్టేజీ మీద ఆడతారు. ఆ బట్టలు అద్దెకు తెస్తారట. యాడి మాత్రం అదే పేటియాలో పత్తి ఏరుతుంది, బ్యాంకుకు పోతుంది, ఆసుపత్రిలో పడుకుంటుంది.

మేం తెచ్చిన పిండితో రొట్టెలు కాల్చి, వేడి మీదనే చేత్తో చిదిమి, బెల్లం, నెయ్యి వేసి పిసికారు. అదే చుర్మో. దాన్ని దేవత మేరామ భవానికి నైవేద్యం పెట్టడమే ఢమోళి. అది అయ్యాక మేకను కోశారు. అప్పుడు మొదలైంది అసలు వంట, సళోయి. గిన్నెలో పట్టిన నెత్తుర్ని గడ్డకట్టనీయకుండా యాడి చేత్తో కదుపుతూనే ఉంది. పెద్ద కోడలు పేగుల్ని తిరగేసి కడిగి సన్నగా తరిగింది. అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ఉప్పు. ముక్కలు ఉడికాక నెత్తురు పోసి, కట్టెల మంట తగ్గించి, గరిటె ఆపకుండా తిప్పారు. ఎర్రది గోధుమరంగుకు తిరిగి, తర్వాత దాదాపు నల్లబడింది. జొన్నరొట్టె తుంచి అద్దుకుని తింటే కాలేయం రుచికి దగ్గరగా, కానీ అంతకంటే మెత్తగా, చివర్లో కాస్త ఇనుము తగిలినట్టుగా ఉంది. ఇంకో రొట్టె అడిగి వేయించుకున్నాను.

నా పక్కన కూర్చున్న డిగ్రీ పిల్ల, అక్క మేనకోడలు, నేను తింటుంటే కాసేపు చూసింది. "మా హాస్టల్ల చెప్పలేదు మేడం మేం ఇది తింటమని. ఒకసారి నోరు జారి చెప్తే, నెత్తురు తాగేటోళ్లని పేరు పెట్టిన్రు. అప్పటి నుంచి మా ఇంట్ల పండుగకు చికెన్ బిర్యానీ అని చెప్తున్న." ఆ పేరు పెట్టిన పిల్లల ఇళ్లలోనూ ఆదివారం నల్ల వండుతారు. వరంగల్ మాంసం కొట్ల దగ్గర బోటి, నల్ల ఎవరు కొంటున్నారో పొద్దున్నే వెళ్లి నిలబడితే తెలుస్తుంది. అదే మేక, అదే నెత్తురు. మా ఇంట్లో వండితే కూర, వాళ్లింట్లో వండితే జాతి లక్షణం. ఆ పిల్లకు బిర్యానీ అబద్ధం నేర్పింది మేమే.

భాష సంగతీ ఆ పంక్తిలోనే బయటపడింది. యాడి గోర్‌బోలీలో అడుగుతుంది, హన్మకొండలో చదివే మనవడు తెలుగులో జవాబిస్తాడు. ఇద్దరికీ అందులో వింతేమీ లేదు. కానీ కంచంలో ఇంకో ముక్క కావాలంటే మాత్రం వాడు కూడా యాడి మాటలోనే అడిగాడు. తెలుగులో అడిగితే ఆమె వినబడనట్టు ఊరుకుంటుందట. అక్క పాఠం చెప్పినా రాని భాష వాడికి సళోయి గిన్నె దగ్గర వస్తోంది. చదువుకున్నవాళ్లు వేరే దారీ తొక్కుతున్నారు. కేతావత్ సోమ్లాల్ భగవద్గీతను తెలుగు లిపిలోనే బంజారా (లంబాడీ) భాషలోకి తెచ్చి 2024లో పద్మశ్రీ అందుకున్నాడు. రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కథలకు అదే ఏడు సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఆ కథలు తెలుగులోనే ఉన్నా వాటి వాక్యం కింద తండా మాట పారుతుంటుంది. ఇవి యాడి దాకా రాలేదు. ఆమెకు చదువు రాదు.

ఢావ్లో అంటే పెళ్లికూతురు పుట్టింటిని విడిచేటప్పుడు పాడుతూ ఏడ్చే పాట. రాత్రి మంచాలు బయట వేసుకున్నాక, ఒకటి పాడమని యాడిని బతిమాలాను. ఫోన్లో రికార్డు చేద్దామని నా ఆశ. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పెండ్లి లేకుంట ఎట్ల ఏడుస్త బిడ్డా? ఉత్తగ ఏడిస్తె ఇంటికి మంచిది కాదు."

పాట పాడలేదు గానీ ముచ్చట చెప్పింది. ఆమె అత్తగారిది జనగామ వైపు. విసునూరు దేశ్‌ముఖ్ మీద తండాలు తిరగబడ్డ రోజులు ఆ అత్త చిన్నతనం. ధర్మాపురం జాటోతు ఠాను పేరు తెలంగాణ సాయుధ పోరాట చరిత్రల్లో ఉంది, భూమి కోసం నిలబడి ప్రాణమిచ్చినవాడిగా. యాడికి ఆ పుస్తకాలు తెలియవు, తారీఖులు తెలియవు. అత్త చెప్పగా విన్నది తెలుసు. పోలీసులొస్తున్నారని తెలిస్తే ఆడవాళ్లు జొన్నపిండిని కొంగుల్లో కట్టుకుని గుట్టలెక్కేవాళ్లట. పొగ కనబడుతుందని పొయ్యి పెట్టకుండా పచ్చిపిండే నీళ్లలో కలుపుకుని తాగేవాళ్లట. "అందుకె మా అత్త సచ్చేదాంక పిండి డబ్బ అడుగు కనబడనియ్యలె" అంది. పక్క మంచం మీద అక్క లేచి కూర్చుంది. ఇన్నేళ్లలో ఈ ముచ్చట తనకు చెప్పలేదట. "నువ్వడగలె" అని యాడి అటు తిరిగి పడుకుంది.

నిమజ్జనం రోజు పొద్దటి నుంచి వాన తుంపర. బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడపిల్లలు చెరువుకు బయల్దేరారు. ముందు డీజే బండి, వెనుక యాడి తోటివాళ్ల పాట. ఒకదాన్నొకటి మింగేస్తూ రెండూ నడిచాయి. గట్టు మీద అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల కాళ్లు కడిగారు. పొద్దంతా రీళ్లు తీసుకుంటూ నవ్విన పిల్లలే, బుట్టలోంచి మొలక పీకేసరికి ఒకళ్లనొకళ్లు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. పోస్టింగ్ కావాలన్న పిల్ల అందరికంటే ఎక్కువ ఏడ్చింది, ఎందుకని నేను అడగలేదు. కొంత మొలక నీళ్లకు, కొంత పెద్దవాళ్లకు. మగవాళ్లు రుమాలు మడతల్లో దోపుకున్నారు. నాకూ గుప్పెడిచ్చారు.

తిరిగొచ్చాక నాయక్ ఇంటి ముందు పంచాయితీ మొదలైంది. వచ్చే ఏడు తీజ్ ఎప్పుడు పెట్టాలి? హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు ఆఖరి రోజు ఆదివారం పడేలా విత్తుదామన్నారు. నాయక్‌కు అభ్యంతరం లేదు. ముసలివాళ్లు గొణిగారు, ఒప్పుకున్నారు. డీజే కావాలా వద్దా అన్న దగ్గర మాట పెరిగింది. చివరికి యాడి లేచి ఏదో గట్టిగా అంది. గుంపంతా ఘొల్లున నవ్వింది. ఏమందని అక్కను గోకాను.

"డీజే పెట్టుకోండ్రి, కాని బుట్టలకు నీళ్లు పోసేటప్పుడు బంద్ చెయ్యాలె. అప్పుడు మేం పాడుతం, ఆ పాటలు ఈ పోరీలు నేర్వాలె. నేర్వనిదానికి వచ్చే ఏడు బుట్ట లేదు, అన్నది."

కుర్రాళ్లు సరేనన్నారు. చందా ఇంటికి ఐదొందలా, వెయ్యా అన్నది మాత్రం మేం బస్సుకు బయల్దేరేదాకా తేలలేదు.