చౌకలో చేపల షికారు

చేపలు పట్టే సరదాకి ఖర్చేముంటుంది, ఒక కర్ర, ఒక దారం, ఒక గాలం చాలవూ అనుకుంటారు చాలామంది. ఆ సరదా ఉన్న మగవాణ్ణి కట్టుకున్న ఇల్లాలిని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. పేకాటలాగా ఇది కొంప ముంచదు, నిజమే. కానీ నెలనెలా పర్సుకి ఒక చిల్లు మాత్రం పెడుతుంది. ఆ చిల్లు ఎక్కడ పడుతోందో కాస్త నిదానంగా చూసుకుంటే సరదా మానక్కర్లేకుండానే దాన్ని పూడ్చుకోవచ్చు.

మాది రాజమండ్రి. గాలం వెయ్యడం మావారికి మా మామగారి దగ్గర నుంచి వచ్చిన అలవాటు. మా పెళ్ళయి ఇరవై మూడేళ్ళయింది. ఈ ఇరవై మూడేళ్ళలో ఆయన సిగరెట్టు ముట్టలేదు, క్లబ్బు గడప తొక్కలేదు. నెలకి ఒకటో రెండో ఆదివారాలు చేపల షికారు, అంతే. 2023లో ఆయన పనిచేసే చోట ఓవర్‌టైము తీసేశారు. అదే ఏడు మా అబ్బాయి ఇంటర్లో చేరాడు. కోచింగు ఫీజు, పుస్తకాలు, పైగా మా అత్తగారి మందులు. "ముందు నా షికారు మానేస్తాలే" అన్నారు మావారు, ఎవరూ అడక్కుండానే.

మానేశారు కూడా. రెండు నెలలు ఆదివారం ఆదివారం టీవీ ముందు కూర్చున్నారు. ఆ పెట్టెలో ఏం వస్తోందో చూస్తున్నట్టు కూడా అనిపించేది కాదు. బి.పి. మాత్ర డోసు పెంచారు డాక్టరుగారు. దానికన్నా నాకు బెంగ కలిగించింది ఇంకోటి. మా అబ్బాయికీ వాళ్ళ నాన్నకీ ఇంట్లో మాటలు తక్కువ. "చదివావా?" "ఆఁ, చదివాను." అక్కడితో సరి. గట్టు మీద కూర్చుంటే మాత్రం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, బెండు కేసి చూస్తూ, ఎన్నెన్నో మాట్లాడుకుంటారు. వాడికి లెక్కల్లో మార్కులు తగ్గాయన్న సంగతి కూడా మాకు గట్టు మీదే తెలిసింది. "వాడికి ఆ ఒక్క సరదా ఉంచవే అమ్మాయ్" అన్నారు మా అత్తగారు. అప్పుడు పద్దుల పుస్తకం తీశాను.

పాత పద్దు చూడండి. నలుగురు స్నేహితులు కలిసి అంతర్వేది దాకా వెళ్ళినప్పటిది. కారు అద్దె, డీజిలు 3,600. పొద్దున్న టిఫిన్లు 450. మధ్యాహ్నం బిర్యానీలు 1,400. పడవకి 1,000. ఎరకి రొయ్యలు, ఐసు 350. కూల్‌డ్రింకులు, నీళ్ళ సీసాలు 300. అంతా కలిపి 7,100. మనిషికి 1,775 రూపాయలు. ఆయన ఇంటికి తెచ్చిన చేపలు కిలోన్నర! ఇందులో అచ్చంగా చేపలు పట్టడానికి ఖర్చయింది పడవ, ఎర మాత్రమే. మిగిలిన 5,750 రూపాయలూ దూరానికీ, కడుపుకీ పోయాయి. అంటే తగ్గించాల్సింది షికారు కాదు, దారి ఖర్చూ హోటలు ఖర్చూ. ఈ లెక్క చూపిస్తే మావారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంతర్వేది ఎందుకూ, మా నాన్న నన్ను ధవళేశ్వరమే తీసికెళ్ళేవారు" అన్నారు.

అంతర్వేదికి వంక పెట్టడం లేదు నేను. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు, నరసింహస్వామి కోవెల, చూసి తీరాల్సిందే. మాఘమాసంలో తీర్థానికి ఏడాదికోసారి వెళ్దాం అనుకున్నాం. నెలనెలా వెళ్ళేందుకు మాత్రం ఇంటికి దగ్గర్లో గట్టు ఉండాలి.

ధవళేశ్వరం మాకు కూతవేటు దూరం. కాటన్ దొర ఇక్కడ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టించి 1852కి పూర్తిచేయించాడు. ఇప్పుడున్నది ఆ పాత ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో లంకలు. మా వైపు ఆ దొర బొమ్మకి ఇప్పటికీ దండలు వేస్తారు. ఆయన పేర మ్యూజియం ఉంది, పిల్లల్ని ఒకసారి తిప్పండి. చిన్న ఖర్చుతో పూట గడుస్తుంది. బ్యారేజి గేట్ల దగ్గర మాత్రం మేము గాలం వెయ్యం. అక్కడ నీటి లాగుడు పైకి కనిపించదు. చేప పడుతుందని ఆశ పెట్టేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాట వినకండి.

మేము వెళ్ళేది లాకులు దాటాక కడియం వైపు సాగే కాలవ గట్టుకి. పొద్దున్న ఆరున్నరకి అక్కడ కూర్చుంటే చూడాలి. అవతలి ఒడ్డున కొబ్బరిచెట్ల నీడ నీళ్ళలో సాగిపోతూ ఉంటుంది. గేదెల్ని కడిగే పిల్లాడొకడు, రేవు మెట్ల మీద గిన్నెలు తోముకునే ఆడవాళ్ళు. ఆ రేవు దగ్గర అన్నం మెతుకులు పడతాయి కాబట్టి పరిగెలు గుంపులుగా తిరుగుతాయి. చిన్నపిల్లలకి గాలం నేర్పాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. అయితే ముందు అక్కడున్న ఆడవాళ్ళని అడిగి, కాస్త ఎడంగా కూర్చోవాలి. తెగిన దారం, విరిగిన గాలం అక్కడ వదిలి రాకూడదు. రేపు ఎవరి పాదంలోనో దిగుతుంది. ఇంకో మాట. ఊరి చెరువుల జోలికి వెళ్ళకండి. వాటిని పాట పెట్టి ఇస్తారు. డబ్బు కట్టి చేపపిల్లల్ని పోసుకున్నవాళ్ళు ఉంటారు. అడక్కుండా గాలం వేస్తే అది సరదా కాదు, దొంగతనం.

ప్రయాణం ఎలాగంటారా? తండ్రీ కొడుకూ స్కూటరు మీద వెళ్తారు. నేనూ మా అత్తగారూ బస్సులో. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచితం అయింది కదా. గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకోవడమే. అంతకుముందు నేను ఇంట్లో ఉండిపోయేదాన్ని. ఇప్పుడు ఇంటిల్లిపాదీ వెళ్తున్నాం, ఖర్చు పెరగలేదు. తెలంగాణలో ఉన్నవాళ్ళకి 2023 డిసెంబరులోనే ఈ సౌకర్యం వచ్చింది.

తిండి విషయం మనదే, మగవాళ్ళకి వదలకండి. నాలుగు రకాలు చేసి నడుం విరగ్గొట్టుకోవద్దు కూడా. పొద్దుటికి దిబ్బరొట్టె. ముందురోజు రాత్రే మినప్పిండి రుబ్బి బియ్యపు రవ్వ కలిపి పెట్టుకుంటే, తెల్లారి ఒకే మూకుడులో సన్నసెగ మీద కాలుతుంది. నలుగురికీ సరిపోతుంది. సాయంత్రం దాకా పాడవదు, చేతికి అంటుకోదు, కాస్త చెరకు పానకం ఉంటే ఇంకేం అక్కర్లేదు. మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం, మాగాయ ముక్క. టీ ఫ్లాస్కులో. నీళ్ళు ఇంటి నుంచే రెండు పెద్ద సీసాలు. ఎండలో కూర్చున్నప్పుడు నీళ్ళ కోసం దుకాణానికి వెళ్తే నీళ్ళతో ఆగదు, చిప్సు కూడా వస్తాయి.

ఇక ఎర. మా పెరట్లో అరటిచెట్టు మొదట్లో అంట్లు తోమిన నీళ్ళు పడతాయి. రెండు పారలు తవ్వితే దోసెడు ఎర్రలు. కొబ్బరిచిప్పలో తడిమట్టి వేసి తడిగుడ్డ కప్పి తీసుకెళ్తాం. జెల్లలకి అదే మంచి ఎర. శనివారం నాడు కొన్న రొయ్యల తలకాయలు దాచి ఉంచినా పనికొస్తాయి. శీలావతి, బొచ్చె లాంటివాటికి పిండి ముద్ద కావాలి. శనివారం రాత్రి చపాతీలు చేసి, ఒక ఉండ మిగిల్చి అందులో కాస్త తవుడు, పొడి చేసిన వేరుశెనగ చెక్క కలుపుతాను. దాన్లో చిటికెడు దూది పీచులు పీచులుగా తీసి పిసికితే ముద్ద నీళ్ళలో తొందరగా విడిపోదు. ఇది మా మామగారి చిట్కా. కొట్లో పొట్లాలుగా అమ్మే ఎర మేము కొని రెండేళ్ళయింది.

మావారు ఒకప్పుడు రీలున్న రాడ్డు ఒకటి 2,800 పెట్టి కొన్నారు. ఆరు నెలల్లో రీలు బిగుసుకుపోయింది. కొట్టువాడు "నీళ్ళు తగిలితే మా పూచీ లేదండీ" అన్నాడు. చేపలు పట్టే సామాను నీళ్ళు తగలకుండా ఎలా వాడాలో ఆయనే చెప్పాలి! కాలవ చేపకి సన్న వెదురు బొంగు చాలు. నీడన ఆరబెట్టి, నెలకోసారి నూనె గుడ్డతో తుడిస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. బెండుకి జీలుగు ముక్క, బరువుకి చిన్న సీసపు గుండు. డబ్బు పెట్టాల్సింది గాలానికీ, దారానికీ. అవి మాత్రం మంచివి కొనండి. చవక దారం పెద్ద చేప పడ్డ రోజే తెగుతుంది.

కాలం కూడా చూసుకోవాలి. వేసవిలో సాధారణంగా ఏప్రిల్ నెలలో కాలవలు కట్టేసి జూన్‌లో వదులుతారు. మధ్యలో వెళ్తే బురద తప్ప ఏముంటుంది? జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి ఎర్రనీరు, వరద. అది చేపలు గుడ్లు పెట్టే కాలం కూడా. అప్పుడు మేము షికారు కట్టిపెడతాం. అక్టోబరు నుంచి మార్చి దాకా బాగుంటుంది. అందులో కార్తీకమాసం మా ఇంట్లో నీచు ముట్టం. "పట్టుకోండి, చూడండి, మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యండి" అని మా అత్తగారి తీర్పు. మొదట్లో మా అబ్బాయి నవ్వాడు. ఇప్పుడు పట్టినదాన్ని తడిచేత్తో జాగ్రత్తగా గాలం తీసి వదలడం వాడికే ఎక్కువ ఇష్టంగా ఉంది.

వరదల రోజుల్లో మా చుట్టాలు ఫోను చేసి "మీ ఆయన పులస పట్టలేదా?" అని అడుగుతుంటారు. పులస సముద్రం నుంచి వరదకి ఎదురీదుతూ గోదావరిలోకి వస్తుంది. దాన్ని పడవల మీద వలలేసి పడతారు, గాలానికి పడేది కాదు. ఒక్కో చేప వేల రూపాయలు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత పుట్టించినవాడు తప్పకుండా మగవాడే అయివుంటాడు. పుస్తెలు ఆయనవి కావుగా!

ఇక కడియం వైపు వెళ్ళేవాళ్ళకి ఇంకో ఖర్చు పొంచి ఉంటుంది. నర్సరీలు. ఎటు చూసినా గులాబీలు, చామంతులు, క్రోటన్లు. ఇది పూర్తిగా మన ఆడవాళ్ళ బలహీనత. అందుకని షికారుకి ఒక మొక్క, యాభై రూపాయలు దాటకుండా అని నాకు నేనే కట్టడి పెట్టుకున్నాను. మావారి సరదాకి లెక్క కట్టినప్పుడు నా సరదాకీ కట్టాలి కదా.

పైసా ఆదాకోసం వదలకూడనిది ఒకటే, జాగ్రత్త. ఈత వచ్చినా రాకపోయినా పిల్లల్ని కాలవలో దిగనివ్వకండి. గట్టు రాళ్ళ మీద పాచి ఉంటుంది. మేము పది గజాల కొబ్బరితాడుకి మూత బిగించిన అయిదు లీటర్ల ఖాళీ డబ్బా కట్టి పక్కన పెట్టుకుంటాం. ఎవరైనా జారిపడితే మనం దూకకుండా దాన్ని విసరాలి. జెల్లని వట్టిచేత్తో పట్టుకోకండి, పాతగుడ్డతో పట్టుకోవాలి. దాని ముల్లు గుచ్చుకుంటే ఆ సలుపు ఇంతా అంతా కాదు. లోతుగా దిగితే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

మొన్నటి షికారు పద్దు ఇదీ: పెట్రోలు 70, గాలాలు 20, సాయంత్రం మళ్ళీ టీ 40, ఇంటి వంటకి సుమారు 150, నా మొక్కకి 50. మొత్తం 330 రూపాయలు, నలుగురికి. పడినవి ఏడు జెల్లలు, ఒక గుప్పెడు పరిగెలు. చేపల బజారు లెక్కతో చూస్తే లాభమని చెప్పను. ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాడు తన కాలేజీ గురించి, డిగ్రీలో ఏం చదవాలన్నదాని గురించి వాళ్ళ నాన్నతో మాట్లాడాడు. ఆ వరస నేను పద్దులో ఎక్కడా రాయలేదు.

కాలవ చేపకి బురద వాసన ఉంటుంది. రాళ్ళుప్పు, పసుపు వేసి గట్టిగా రుద్ది కడిగి, పుల్లమజ్జిగలో పావుగంట ఉంచి మళ్ళీ కడిగితే పోతుంది. పరిగెల్ని ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి కరకరలాడేలా వేయించండి. జెల్లలకి పులుసే. మట్టి దాకలో ఉల్లిపాయ ముద్ద, పచ్చిమిర్చి బాగా వేగాక ఉప్పు, కారం, చిక్కటి చింతపండు పులుసు పోసి, తెర్లాక ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా దాకని పట్టుకుని కుదపాలి. దించేముందు మెంతిపొడి, కొత్తిమీర. రాత్రి వండి పెడితే మర్నాడు ఇంకా రుచి అంటారు. మా ఇంట్లో మర్నాటికి ఎప్పుడూ మిగల్లేదు.