కదిలే ట్యాంకు, నిలవవలసిన గురి
(అహ్మద్‌నగర్ పర్యటన విశేషాలు)

పుణె నుండి ఈశాన్య దిశగా సుమారు 120 కిలోమీటర్లు ప్రయాణిస్తే అహ్మద్‌నగర్ వస్తుంది. 2024లో దీని పేరు అహిల్యానగర్‌గా మారినా, బస్సు కండక్టరు మొదలు టీ దుకాణదారు వరకు అందరి నోటా "నగర్" అన్న మాటే వినిపిస్తుంది. మలిక్ అహ్మద్ నిజాంషా నెలకొల్పిన పట్టణమిది. చాంద్ బీబీ మొగలు సేనలను ఎదిరించిన కోట ఇక్కడిదే. 1942 నుండి 1945 వరకు నెహ్రూ ప్రభృతులను నిర్బంధించినదీ ఇందులోనే. వారిలో మన పట్టాభి సీతారామయ్యగారు కూడ ఒకరు. యాత్రికులు సాధారణంగా కోట చూసి వెళ్ళిపోతారు. దృక్ సాధనాల విభాగంలో ఇరవై ఎనిమిది సంవత్సరాలు పనిచేసిన నాకు మాత్రం 1994లో ప్రారంభమైన ట్యాంకుల మ్యూజియమే ప్రధానాకర్షణ.

అహ్మద్‌నగర్ మన కవచ దళాలకు విద్యాక్షేత్రం. సమీపంలోని కె.కె. రేంజిలో ట్యాంకుల కాల్పుల శిక్షణ జరుగుతుంది. అక్కడకు మావంటివారికి ప్రవేశం లేదు. మ్యూజియం ఆవరణలో మాత్రం యథేచ్ఛగా తిరుగవచ్చును. నా అదృష్టవశాత్తు చిత్తూరు జిల్లాకు చెందిన విశ్రాంత రిసాల్దారు ఒకరు పరిచయమై వెంట నడిచారు. కదిలే బండినుండి గురిచూసి కాల్చే పోటీని న్యాయంగా ఎలా రూపొందించాలన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. దానికి సగం సమాధానం ఆ ఇనుప బండ్ల వరుసలోనే దొరికింది.

వరుసలో రోల్స్‌రాయిస్ కవచ శకటం, మాటిల్డా, చర్చిల్, షెర్మన్, సెంచూరియన్, పాటన్, మన విజయంత ఉన్నాయి. షెర్మన్‌లో ఫిరంగిని నిలువు దిశలో మాత్రమే స్థిరపరచే గైరో అమరిక ఉండేది. సెంచూరియన్‌లో నిలువు, అడ్డం రెండు దిశలలోనూ స్థిరత్వం సాధించారు. 1965 నాటి పాటన్‌కు అటువంటి స్టెబిలైజరే లేదు. సరిగా కాల్చాలంటే ఆగవలసిందే. అయితే ఆ సెప్టెంబరులో అసల్ ఉత్తర్ వద్ద మనవారు పాటన్‌లను చాలవరకు చెరకు తోటల మాటున నిలిచియుండి కొట్టారు. కదులుతూ కాల్చడం గొప్ప విద్యే గాని, యుద్ధంలో అదే సర్వస్వమని భావించరాదు.

స్టెబిలైజర్ ఉంటే చాలునని పాఠకులు అనుకోవచ్చు. చిన్న లెక్క చూడండి. బండి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 5.6 మీటర్ల చొప్పున, లక్ష్యానికి అడ్డంగా పోతున్నదనుకుందాం. విజయంతలోని 105 మిల్లీమీటర్ల ఫిరంగినుండి వెలువడే కవచభేదక గుండు 1,500 మీటర్లు పోవడానికి సెకను పైచిలుకు పడుతుంది. ఆ లోపల గుండు బండి వేగాన్ని తనతో మోసుకొని సుమారు ఆరు మీటర్లు పక్కకు జరుగుతుంది. ట్యాంకు వెడల్పు మూడు మీటర్లకు కొంచెం ఎక్కువ. గొట్టం ఎంత నిశ్చలంగా నిలిచినా, ఆ ఆరు మీటర్లను సవరించకపోతే గురి తప్పుతుంది. అదే బండి లక్ష్యానికి ఎదురుగా పోతే ఈ సవరణ దాదాపు శూన్యం.

అందుచేత పోటీ రూపకర్త నేలపై గీసే దారి గీతే అసలు ప్రశ్నపత్రం. ఎదురు దారి ఇస్తే డ్రైవరు నిలకడ మాత్రమే పరీక్షకు వస్తుంది. వంపు దారి ఇస్తే సవరణ క్షణక్షణానికి మారి గన్నరుకు కఠిన పరీక్ష అవుతుంది. దూరం ఒకటే కదా అని రెండింటికీ ఒకే అంకాలు వేయడం అన్యాయం.

మిట్టల విషయం ఇంకా చిక్కైనది. ట్యాంకు ముందువెనుకలకు ఊగడంలో దానికొక సహజ లయ ఉంటుంది. సెకనుకు దరిదాపు ఒక ఊపు అనుకోండి. మిట్టలను సమానంగా ఐదున్నర మీటర్లకొకటి చొప్పున పేరిస్తే, 20 కిలోమీటర్ల వేగంతో వచ్చిన బండి ఉయ్యాలవలె ఊగిపోతుంది. అదే దారిలో వేరే బరువు, వేరే స్ప్రింగులు గల బండి సుఖంగా సాగిపోతుంది. కాబట్టి మిట్టల దూరాలు అసమానంగా ఉండాలి. కంటికి ఇంపుగా ఉండే సమాన వరుస ఇక్కడ దోషమే.

ఈ మాట వినగానే రిసాల్దారుగారు నవ్వి, "మీరు కాగితం మీద నేలను చూస్తున్నారు సార్. నలభై టన్నుల బండ్లు పది పోయాక ఆ మిట్టలు ఎక్కడుంటాయి? మొదటివాడికొక నేల, చివరివాడికొక నేల" అన్నారు. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. గాళ్ళు పడిన దారిని మధ్యమధ్య చదును చేయాలి, లేదా జట్ల క్రమాన్ని ప్రతి విడతలోనూ తిరుగవేయాలి.

రక్షణ విషయంలో మాత్రం సందిగ్ధానికి తావు లేదు. నిలిచి కాల్చేవాని ముందు ప్రమాద ప్రాంతం ఒక విసనకర్ర ఆకారంలో ఉంటుంది. కదిలేవాని విషయంలో దారి పొడవునా ప్రతి బిందువునుండి ఒక విసనకర్ర లేస్తుంది. వాటన్నిటినీ కలిపిన వైశాల్యం ఖాళీగా ఉండాలి. కాల్పులు మొదలుపెట్టే చోట, ముగించే చోట దారిపక్క గుర్తులు పాతక తప్పదు.

ఇటువంటి పోటీలలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది మాస్కో దగ్గరి అలబినోలో 2013 నుండి 2022 వరకు జరిగిన ట్యాంక్ బయాథ్లాన్. లక్ష్యం తప్పిన జట్టు 500 మీటర్ల అదనపు చుట్టు తిరగాలి. 2017లో మన సేన తన టి-90 ట్యాంకులను వెంట తీసుకొనిపోయింది. మొదటిది, దానికి బదులుగా దింపినది రెండూ యాంత్రిక లోపాలతో ఆగిపోవడంతో పోటీనుండి తప్పుకోవలసి వచ్చింది. ఆ వార్త వచ్చిన రోజున మా క్యాంటీనులో అన్నం సహించినవారు తక్కువ. సైనికుల నైపుణ్యానికి ఆ ఫలితం కొలబద్ద కాదని కొందరు వాదించారు. నా అభిప్రాయం వేరు. బండిని పరుగుకు సిద్ధంగా ఉంచడం కూడ పరీక్షలో భాగమే. ఆ భాగంలో తయారీదారులమైన మనమూ అభ్యర్థులమే.

కాని ఆ అదనపు చుట్టు నిబంధన నాకు సమ్మతం కాదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి 500 మీటర్ల శిక్ష ఒక నిమిషం. 40 కిలోమీటర్ల వేగంతో పోయేదానికి 45 సెకన్లే. గన్నరు చేసిన తప్పు ఒకటే, ఇంజను బలాన్నిబట్టి వెల మారుతున్నది. శిక్షను సెకన్లలోనే విధిస్తే ఈ చిక్కు ఉండదు.

విజయంత నీడలో నిలబడి ఇదే రిసాల్దారుగారికి చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. "సెకన్లు కాగితం మీద కలిపితే చూసేవాడికి ఏం తెలుస్తుంది సార్? తప్పినవాడు అందరి ముందూ చుట్టు తిరగాల్సిందే" అన్నారు. అంకాల పలకపై పెద్ద అక్షరాలతో రాస్తే చాలునని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు.