టెస్టరున్న ఇల్లు

మన దగ్గర టెస్టరు లేని ఇల్లు అరుదు. అయితే దానితో ఎక్కువగా జరిగేది పెయింటు డబ్బా మూత లేపడం, కళ్ళజోడు స్క్రూ బిగించడం. దాని అసలు పని మొదలయ్యేది వేసవిలో, ఫ్యాను మొరాయించిన రోజున.

స్విచ్చి వేస్తే ఫ్యాను మూలుగుతుంది, తిరగదు. దుడ్డుకర్రతో రెక్కని ఒక తోపు తోస్తే బద్ధకంగా కదులుతుంది. ఇలా తోస్తే తిరిగే ఫ్యానుకి మోటారు కాలిపోలేదు, చాలాసార్లు కండెన్సరు పోయినట్టు. రాడ్డుకున్న గిన్నె మూత జరిపితే అగ్గిపెట్టెంత డబ్బీ కనిపిస్తుంది. దాని మీద 2.5 మైక్రోఫారడ్ అనో 3.15 అనో రాసి ఉంటుంది. అదే అంకె ఉన్నది కొట్టులో అడిగితే వంద రూపాయల లోపే దొరుకుతుంది. పాతదాని రెండు కొసల్నీ ప్లాస్టిక్కు పిడి ఉన్న స్క్రూడ్రైవరుతో ఒకసారి కలిపి, లోపల మిగిలిన చార్జి పోగొట్టాకే ముట్టుకోవాలి. ఇక నిచ్చెన పట్టుకునేవాళ్ళు ఒకరుంటే చాలు.

కానీ ముందు మెయిన్ దించాలి. స్విచ్చి ఆపాం కదా అంటే కుదరదు. స్విచ్చి ఫేజు తీగ మీద ఉండాలి. పాత ఇళ్ళల్లో ఎవరో ఏనాడో దాన్ని న్యూట్రలు మీద పెట్టేసి ఉంటారు. అప్పుడు బల్బు ఆరుతుంది, హోల్డర్లో కరెంటు మాత్రం అలాగే ఉంటుంది. ఆపేసిన ఎల్.ఈ.డి. బల్బు రాత్రిపూట మినుకుమినుకుమంటుంటే, స్విచ్చిలోని ఇండికేటరు వల్ల కాకపోతే, దీన్నే అనుమానించాలి.

మెయిన్ దించాక కూడా టెస్టరు పెట్టి చూడాలి, అంతకుముందే అది వెలుగుతోందో లేదో కరెంటున్న ప్లగ్గులో పరీక్షించుకుని. మెయిన్ వేసి ఉండగా ఒక్కోసారి ప్లగ్గు రెండు కన్నాల్లోనూ టెస్టరు వెలుగుతుంది, కానీ ఏ సామానూ పనిచెయ్యదు. కరెంటు రెట్టింపు వచ్చిందని కంగారు పడేవాళ్ళున్నారు. జరిగింది వేరు. ఎక్కడో న్యూట్రలు తెగింది. వేసి ఉన్న ఏ బల్బులోంచో ఫ్యానులోంచో ఫేజు దాటి, తెగిన తీగలోకి వచ్చి కూర్చుంది. నల్లతీగే కదా అని పట్టుకుంటే అదీ కొడుతుంది.

ఇంటాయన ఎంతవరకు చెయ్యి పెట్టొచ్చో చట్టమే చెప్పింది. కరెంటు పని లైసెన్సున్న కాంట్రాక్టరు చేతే చేయించాలని 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 45వ నిబంధన అంది. 250 వోల్టులు మించని దీపాలు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చుల్లాంటివి మార్చడానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది, ఇంటి వైరింగు సామర్థ్యం, తీరు మారకపోతేనే. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన నిబంధనల్లోనూ అదే మాట పెట్టారు. ఉన్నదాన్ని మార్చుకోవచ్చు, లేనిదాన్ని కలపకూడదు. గుమాస్తా భాషలో రాసినా, నా మటుకు ఇంతకన్నా తెలివైన గీత కనిపించలేదు.

మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. కండెన్సరు మార్చడానికి ఎలక్ట్రీషియన్‌ని బతిమాలుకుంటాం. గీజరుకి మాత్రం పక్కగదిలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు మనమే లాగేస్తాం. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. అది తగిలించింది 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గుకి. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వదులుగా ఉన్న పిన్ను దగ్గర ఇంకా ఎక్కువ. ప్లగ్గు కన్నం చుట్టూ ప్లాస్టిక్కు గోధుమరంగుకి తిరిగి, కమురు వాసన వచ్చేది అందుకే. గీజరుకైతే దళసరి తీగతో విడిగా లైను, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, సరైన ఎర్తింగు కావాలి. అది కాంట్రాక్టరు పని.

ఎం.సి.బి. ఉందిగా అంటారు. అది కాపాడేది గోడలోని తీగని. మనిషిని పడగొట్టడానికి చాలిన కరెంటు దాని లెక్కలోకే రాదు. అందుకు 30 మిల్లీఆంపియర్లకే పడిపోయే ఆర్.సి.సి.బి. విడిగా ఉండాలి. దాని మీదున్న టెస్టు బొత్తాం అప్పుడప్పుడూ నొక్కి, పడుతోందో లేదో చూడటం ఇంట్లోవాళ్ళ పనే.

కొత్త ఇల్లు కడుతున్నవాళ్ళకి ఇంకో పని ఉంది, దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. గోడల్లో పైపులు పెట్టాక, ప్లాస్టరింగు చేయకముందు, పక్కన కొలత టేపు ఆనించి ప్రతి గోడనీ ఫోటో తీసి పెట్టుకోవాలి. రేపు దేవుడి పటానికి మేకు ఎక్కడ కొట్టాలో మేస్త్రీకి గుర్తుండదు.