గీమె ఎవరే బిడ్డా?

మా ముందుగదిలో మా అవ్వ ఫోటో ఒకటుంది. ఇంటికొచ్చిన ప్రతివారూ దాన్ని చూసి "మీ అమ్మగారు ఎంత తెల్లగా ఉండేవారండీ!" అంటారు. నేను తలూపేసి, కాఫీ కలిపే నెపంతో లోపలికి పోతాను.

మా అవ్వ నల్లగుండేది. చామనచాయ అని సర్దిచెప్పడానికి కూడా వీల్లేనంత నలుపు. అక్కకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో, 1974లో, కరీంనగర్‌లో స్టూడియోకు తీసుకెళ్ళి తీయించిన ఫోటో అది. తల్లిని చూసి పిల్లను అంచనా వేస్తారు కదా! స్టూడియో ఆయన బ్రష్షు పట్టుకుని బుగ్గలు తెల్లబరిచాడు. నుదుటన రూపాయి బిళ్ళంత కుంకుమబొట్టును కందిగింజంత చేశాడు. అవ్వ ఆ ఫోటోను వెలుగులోకి పట్టుకుని చూసి, "గీమె ఎవరే బిడ్డా?" అంది. మేమంతా పడీపడీ నవ్వాం. ఆమె కూడా నవ్విందనే చాలా ఏళ్ళు అనుకున్నాను.

మా మేనత్తగారింట్లో నిర్మల్ పళ్ళెం ఒకటుండేది. ఆదిలాబాద్ వైపు నుంచి ఎవరో తెచ్చి ఇచ్చారు. నిగనిగలాడే నల్లటి నేపథ్యం, దాని మీద వీణ పట్టుకున్న బంగారు రంగు అమ్మాయి. నలుపు వెనకాల ఉండడానికే పనికొస్తుందని నాకెవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. కాబట్టే ఆరో తరగతిలో ఉండగా, "నువ్వు బడికి రాకవ్వా, నాయననే పంపు" అన్నాను. ఆమె ఎందుకని అడగలేదు.

తర్వాత చాలా ఏళ్ళకు హైదరాబాద్‌లో ఒక డాక్టరుగారి దగ్గర చీటీ పట్టుకుని కూర్చున్నాం. ఎదురుగా గోడకు క్యాలెండరు. మావారు ఉన్నట్టుండి "అరే, అత్తమ్మ!" అన్నారు.

నిజంగా అత్తమ్మే. ముదురు గోధుమ రంగు ఒళ్ళు, నుదురు నిండా బొట్టు, చేపల్లాంటి కళ్ళు, కొప్పులో పూలు, చేతుల నిండా గాజులు, ఎర్రటి చీర. ఎవరికీ జడిసేది లేదన్నట్టు కూర్చుంది. కింద పేరు: తోట వైకుంఠం.

ఆయన మా జిల్లావారే. 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాద్‌లో చిత్రకళ చదివి, 1970ల మొదట్లో బరోడా వెళ్ళి కె.జి. సుబ్రహ్మణ్యన్‌గారి దగ్గర నేర్చుకున్నారు. అంత దూరం పోయి నేర్చుకున్నవాడు తిరిగొచ్చి ఏం గీశాడయ్యా అంటే, మన ఊరి ఆడవాళ్ళను! చిన్నప్పుడు ఊరికొచ్చే నాటకాల్లో మగవాళ్ళు రంగు పూసుకుని ఆడవేషాలు కడితే చూసి మురిసిపోయిన సంగతీ, తన బొమ్మలకు మూలం తల్లేనన్న సంగతీ ఆయనే చెప్పుకున్నారు. రంగులు కూడా అన్నీ కలిపి నీరుగార్చరు. ఎరుపంటే కుంకుమ ఎరుపే, పసుపంటే గడపకు రాసే పసుపే. వట్టి బొగ్గుతో గీసినవీ ఉన్నాయి. నాకు అవే ఇంకా ఇష్టం.

బి. నర్సింగరావుగారి 'దాసి' 1988 నాటి సినిమా. దానికి కళాదర్శకత్వం చేసి వైకుంఠంగారు జాతీయ అవార్డు అందుకున్నారు. గడీ గోడల మధ్య దాసీగా బతికిన పిల్ల కథ అది. ఆ సినిమా చూసొచ్చిన రాత్రి నాకు అన్నం సయించలేదు. 1993లో లలిత కళా అకాడమీ జాతీయ పురస్కారం కూడా వచ్చింది.

లోకంలో ఆడవాళ్ళ బొమ్మలు వేసినవారికి కొదవా? పోయిన శతాబ్దానికి ముందు రైముండో దె మద్రాజో అనే స్పెయిన్ చిత్రకారుడు ఉండేవాడు. పేరు వింటే మన మద్రాసు మనిషేమో అనిపిస్తుంది గానీ, పుట్టింది 1841లో రోములో, పేరు తెచ్చుకున్నది పారిస్‌లో. పట్టు గౌన్లు, లేసులు, విసనకర్రలు, పాల మీగడలాంటి బుగ్గలు. అలీన్ మాసోన్ అనే ఒక్కామెనే ఎన్నిసార్లో గీశాడు. డబ్బున్న అమెరికావాళ్ళు కూడా అతనితో బొమ్మలు వేయించుకున్నారు. పట్టు మీద వెలుగు జారడం అతను చూపించినట్టు చూపించడం తేలిక కాదు, ఒప్పుకుంటాను. కానీ అడిగి డబ్బిచ్చి వేయించుకునే బొమ్మలో కాస్త మా స్టూడియో ఆయన బ్రష్షు ఉండకుండా ఉంటుందా, మీరే చెప్పండి! వైకుంఠంగారి బొమ్మల్లోని ఆడవాళ్ళు ఎవరికీ డబ్బివ్వలేదు. తమను ఎవరైనా గీస్తారని అనుకుని కూడా ఉండరు.

ఈ మధ్య వాళ్ళు పెద్దింటి హాళ్ళలో, హోటళ్ళలో కనిపిస్తున్నారు. అలాంటి బొమ్మ గోడకు పెట్టుకుని, దాని కిందే కూర్చుని "పిల్ల కాస్త రంగు తక్కువండీ" అన్నవారిని నేను ఎరుగుదును. ఆ పూట వాళ్ళింట్లో మిఠాయి ముట్టకుండా లేచి వచ్చేశాను.

ఆ స్టూడియోలో అసలు నెగెటివ్ ఏమైనా ఉందేమోనని ఓసారి వెళ్ళాను. అక్కడ ఇప్పుడు చెప్పుల దుకాణం ఉంది. అవ్వకు ఇంకో ఫోటో లేదు. డాక్టరుగారి క్యాలెండరు ఏడాది చివర అడిగి తెచ్చుకుని, ఆ బొమ్మ కత్తిరించి ఫ్రేము కట్టించి, తెల్ల అవ్వ పక్కనే పెట్టాను.

మొన్న మనవరాలు రెండింటినీ మార్చి మార్చి చూసి, స్టూడియో ఫోటో వైపు వేలు చూపించి అడిగింది.

"అమ్మమ్మా, ఈమె ఎవరు?"