పోసిన నూనె, పట్టిన నూనె

తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికినవాడికి విమానపు ఇంజనుతో పనేమిటని మిత్రులు అడుగుతారేమో. నిజమే. సంధులు విడదీయడం తప్ప మరమేకు విప్పడం నేర్వనివాణ్ణి. అయినా 2025 ఏప్రిల్ నెలలో ఒక శనివారమంతా ఒక చిన్న విమానం ముందు నిలబడి, దాని ప్రొపెల్లరును చేత్తో త్రిప్పుతూ గడిపాను. ఆనాటి ముచ్చట వ్రాద్దామని కూర్చుంటే, దానితోబాటు నలభై ఆరేళ్ళ నాటి సంగతి ఒకటి వ్రాయక తప్పదని తోచింది. అందువలన ఈ టపా కాస్త పొడుగైనది. ఓపికపట్టి చదవండి.

మా అక్కయ్య కొడుకు అమెరికాలో డల్లాసు దగ్గర సాఫ్టువేరు ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగేళ్ళుగా తీరిక వేళల్లో విమానం కట్టుకుంటున్నాడు. ఓరెగాన్ రాష్ట్రంలోని అరోరా అనే ఊళ్ళో వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే సంస్థ ఉన్నది. వారు ఆర్.వి.-12 అనే రెండు సీట్ల విమానాన్ని విడిభాగాలుగా పెట్టెల్లో సర్ది అమ్ముతారు. అల్యూమినియపు రేకులను వరుసగా రివిట్లతో బిగించి, విమానమని పేరు వచ్చేదాకా తెచ్చుకోవలసింది కొన్నవాడే. కారు ఉండవలసిన గ్యారేజీలో మూడేళ్ళు తోకా రెక్కలూ ఉన్నాయి. ఆ ఇల్లాలి సహనానికి నమస్కారం. చివరకు సరుకంతా ఊరి వెలుపల ఒక చిన్న విమానాశ్రయంలో అద్దెకు తీసుకున్న షెడ్డుకు చేరింది. నేను వెళ్ళేనాటికి అన్నీ అమరి, ఇంజను మొదటిసారి నడపడమొక్కటే మిగిలి ఉన్నది. ఆదివారం ఉదయం ఆ వేడుకకు మిత్రులను పిలిచాడు. పులిహోరకు చింతపండు కూడా నానబెట్టారు.

ఆ ఇంజను ఆస్ట్రియా దేశంలో గున్స్‌కిర్కెన్ అనే ఊళ్ళో తయారయ్యే రోటాక్స్ 912. నాలుగు సిలిండర్లు, నూరు గుర్రాల శక్తి. మన మోటారుసైకిలు ఇంజనుకు నూనె దాని కడుపులోనే ఉంటుంది. దీనికి అలా కాదు. నూనె వేరే డబ్బాలో ఉంటుంది. పంపు ఆ నూనెను కూలరు గుండా పీల్చి, వడపోత గుండా నెట్టి, ఇంజను కీళ్ళన్నిటికీ పంపుతుంది. పని ముగించుకొని అడుగుకు జారిన నూనెను, పిస్టన్ల ప్రక్కనుంచి దిగిన వాయువుల ఒత్తిడి మళ్ళీ డబ్బాలోకి తోస్తుంది. కొత్త ఇంజనులో ఈ దారి పొడుగునా ఉన్నది గాలి. గొట్టాల్లో గాలి, కూలరులో గాలి, పంపులో గాలి. కవాటాలను ఎత్తే ట్యాపెట్లు నూనె నిండితేనే గట్టిపడి పనిచేసే జాతివి. వాటిలోనూ గాలే. డబ్బాలో మూడు లీటర్ల నూనె పోసి, కొలపుల్ల తీసి చూస్తే గీత దాకా తడి ఉంటుంది. ఇంజను మాత్రం ఎండిపోయే ఉంటుంది.

ఇక్కడ నా వృత్తిదోషం కొద్దిగా మన్నించాలి. ఆంగ్లంలో ఈ పనిని ప్రైమింగ్ అంటారని మేనల్లుడు చెప్పాడు. బోరు మోటార్ల పుణ్యమా అని ఆ మాట మన పల్లెల్లోనూ తెలుసు. కాని నాకు తోచిన మాట 'పట్టించడం'. తలమీద నూనె పోయడం వేరు, తలకు నూనె పట్టించడం వేరు. పండుగపూట మా అమ్మ గిన్నెడు నూనె మాడున పోసి ఊరుకొనేది కాదు. అది కుదుళ్ళకు ఇంకేదాకా చరిచి, రుద్ది, కళ్ళు మండుతున్నాయని ఏడ్చినా వదిలేది కాదు. యంత్రాలకు పూసేదానికీ మనకు చక్కని మాట ఉన్నది, కందెన. ఆముదంలో గడ్డి మసి కలిపి బండి ఇరుసుకు పెట్టేవారు. ఆ బండ్లు పోయాయి, మాట కూడా వాటి వెంటే పోతున్నది. సంస్కృతంలో 'స్నేహ' శబ్దానికి చమురు అనీ, ప్రేమ అనీ రెండర్థాలూ ఉన్నాయని మేనల్లుడికి చెప్పాను. వాడు నవ్వి, "ముందు మొదటి అర్థం కానిద్దాం మామయ్యా" అన్నాడు.

పద్ధతి ఇది. సిలిండరుకు రెండేసి చొప్పున ఉన్న స్పార్కు ప్లగ్గులలో పైవి నాలుగూ తీసివేశాడు. అప్పుడు ఇంజనులో బిగువు ఉండదు, ప్రొపెల్లరు చేతికి తేలికగా తిరుగుతుంది. నూనె తిరిగి వచ్చే గొట్టాన్ని డబ్బానుంచి ఊడదీసి, ఆ కొసను క్రింద ఒక పళ్ళెంలో పెట్టాడు. డబ్బాకు ఖాళీ అయిన ఆ మూతికి బిరడా బిగించాడు. డబ్బాలోని గాలి బయటికి పోయే మూతికి కంప్రెసరు గొట్టం తగిలించి, సుమారు ఒక బార్ ఒత్తిడితో గాలి లోపలికి వదిలాడు. పైనుంచి గాలి నెడుతూ ఉంటే నూనె పంపు దాకా దిగుతుంది, మనం ప్రొపెల్లరు త్రిప్పితే పంపు దానిని అందుకొని పైకి పంపుతుంది. లోపల తెరమీద నూనె ఒత్తిడి అంకె కనబడేదాకా త్రిప్పుతూనే ఉండాలి. ఇరవై చుట్లలో రావచ్చు, అరవై పట్టవచ్చు.

"వెనక్కి మాత్రం త్రిప్పవద్దు మామయ్యా, గాలి లోపలికి పోతుంది" అన్నాడు. ఏది ముందు, ఏది వెనక అని అడిగాను. "ప్రదక్షిణంగా" అన్నాడు, పండితుడికి అర్థమయ్యే భాషలో. వాడు లోపల సీటులో కూర్చున్నాడు, నేను ముందు నిలబడ్డాను. ప్రదక్షిణంగానే ఒక్క తోపు తోశాను. లోపలినుంచి కేక! వాడు కూర్చున్నచోటి నుంచి ప్రదక్షిణమైనది, ఎదుట నిలబడినవాడికి అప్రదక్షిణమట. దేవుడి వైపు నుంచి చూసుకోవాలి కాబోలు. అరచుట్టు తప్పుకే వాడి ముఖం చిన్నబోయింది. మళ్ళీ మొదటినుంచీ లెక్క ప్రారంభించాము.

ఇరవై చుట్లు అయ్యాయి. సున్నా. నలభై అయ్యాయి. సున్నా. అరవై దాటాక నేను మడత కుర్చీలో కూలబడ్డాను, వాడు దిగి త్రిప్పాడు. సున్నాయే. పళ్ళెంలోనూ నూనె చుక్క పడలేదు. మధ్యాహ్నం మూడు దాటింది. వాడికి సాయంత్రం సరుకులు తేవలసి ఉన్నది, రేపటి అతిథులు ఇరవైమంది. కొలపుల్ల తీసి చూశాడు. "నూనె నిండా ఉంది. ప్లగ్గులు బిగించి రేపు స్టార్టు చేస్తే నాలుగు సెకన్లలో అదే లాక్కుంటుందిలే" అన్నాడు.

ఆ మాటకు నేను కుర్చీలోనుంచి లేచాను. "ఆగరా, నీకొక సంగతి చెప్పాలి" అన్నాను. ఆ సంగతి అంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మాది రేపల్లె వైపు పల్లె, కాలువ చివరి భూములు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు ఆ ఏటి పంట పోయింది. మరుసటి ఏడు అక్టోబరులో చేను పొట్టమీద ఉండగా కాలువ నీరు మాదాకా రావడం మానింది. మురుగు కాలువనుంచి తోడుకోవడానికి మాకొక ఆయిలింజను ఉండేది. దాని బేరింగులు అరిగితే నాన్నగారు తెనాలిలో ఒక మేస్త్రీ చేత కొత్తవి వేయించి, బండిమీద తెచ్చారు. ఆయన బండి కదిలేముందు నన్ను పిలిచి మరీ చెప్పాడు. "బాబూ, నూనె పోయగానే స్టార్టు చేయకు. లివరు ఎత్తిపెట్టి హ్యాండిలుతో నూరు చుట్లు ఊరికే త్రిప్పు. పైమూత విప్పి చూడు, అక్కడికి నూనె చెమ్మ చేరాకనే అందుకో." నాకు పదిహేడేళ్ళు. నాన్నగారు గట్టుమీద మడవ చూస్తున్నారు. నూనె పోశాను, పుల్ల తీసి చూశాను, నిండుగా ఉన్నది. హ్యాండిలు పదో పన్నెండో చుట్లు త్రిప్పేసరికి భుజాలు లాగాయి. పైమూత విప్పనే లేదు. లివరు వదిలాను. ఇంజను అందుకున్నది. ఎంత తీయగా పలికిందో! పావుగంట నీళ్ళు పోసింది. తరువాత గొంతు మారింది, ఒక్క దెబ్బ కొట్టి నిలిచిపోయింది. విప్పి చూస్తే బేరింగు లోహం కరిగి కడ్డీకి అంటుకొని ఉన్నది.

నాన్నగారు అడిగింది ఒక్కటే. "నూనె పోశావా?" పోశానన్నాను. పుల్ల తీసి చూశారు, నిండుగా ఉన్నది. నేను ఆడినది అబద్ధం కాదు. నలభై ఆరేళ్ళూ నేను ఆ మాటనే పట్టుకొని ఉన్నాను. మేస్త్రీ నూరు చుట్ల సంగతి ఎత్తితే, "మావాడు చెప్పినట్టే చేశాడు" అని నాన్నగారు నన్ను చూపించారు. నేను తల వంచుకున్నాను. మిగిలిన డబ్బు ఇవ్వలేదు. పనితనం లేనివాడని ఊరంతా చెప్పారు, మా ప్రక్క నాలుగైదు ఊళ్ళవాళ్ళు ఆయన దగ్గరకు ఇంజన్లు తీసుకుపోవడం మానుకున్నారు. మా చేను తాలుగింజ అయింది. మాఘమాసానికి అనుకున్న అక్కయ్య పెళ్ళి ఏడాది వెనక్కు పోయింది. ఆ అక్కయ్య కొడుకే ఇప్పుడు నా ఎదుట జిడ్డు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వింటున్నాడు.

వాడు కాసేపు ఏమీ అనలేదు. "అమ్మకు తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. గుడ్డ బల్లమీద పెట్టి, "సరే, ఎక్కడ తప్పిందో చూద్దాం పట్టండి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే కంప్రెసరు మోటారు దానంతట అది ఆగింది. మూడు గంటలుగా చెవులు హోరెత్తించిన చప్పుడు పోయి షెడ్డు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో సన్నగా 'సుయ్' మని వినబడింది. ముప్పై ఏళ్ళు తరగతిలో వెనకబెంచీ గుసగుసలు పట్టుకున్న చెవి ఇది. డబ్బా దగ్గరకు వంగి వేలు పెట్టి చూపించాను. గాలిగొట్టం బిగించిన క్లాంపు ఒదులుగా ఉన్నది. కంప్రెసరు దగ్గర ముల్లు ఒక బార్ చూపుతూనే ఉన్నది గాని, ఆ గాలి డబ్బాలోకి చేరక దారిలోనే జారిపోతున్నది. అక్కడి ముల్లూ అబద్ధం ఆడలేదు, మా కొలపుల్ల మాదిరిగానే.

క్లాంపు బిగించాడు. నేను ప్రొపెల్లరు అందుకున్నాను, ఈసారి వాడి వైపు నుంచి ప్రదక్షిణంగా. పదకొండో చుట్టు దగ్గర చేతికి ఏదో తేడా తెలిసింది, లోపల ఎవరో మెత్తగా అడ్డు చెప్పినట్టు. పదిహేడో చుట్టుకు వాడు తెరమీది అంకె చదివాడు, అరిచాడు అనడమే సరి. మరికొన్ని చుట్లు త్రిప్పించి, డబ్బాలోని గాలిని మెల్లమెల్లగా వదిలాడు. ఒక్కసారిగా మూత తీస్తే ఒత్తిడి తిరగబడి గొట్టాలు మళ్ళీ ఖాళీ అవుతాయట. తరువాత కవాటాల మూతలు విప్పి, ఒక్కొక్క రాకరునూ బొటనవ్రేలితో కొన్ని సెకన్లు అదిమి చూశాడు. ట్యాపెట్టులో గాలి మిగిలి ఉంటే అది మెత్తగా దిగిపోతుంది. ఏడు గట్టిగా నిలిచాయి, ఒకటి దిగింది. మళ్ళీ త్రిప్పాము. అదీ నిలిచింది. ఆ మూత క్రింద నూనె చెమ్మ మెరుస్తూ ఉంటే నేను కాస్త ఎక్కువసేపే చూశాను.

ప్లగ్గులు బిగించి, గొట్టాలు యథాస్థానంలో పెట్టి, మళ్ళీ చేత్తో త్రిప్పితే ఇంజను అడుగున ఉన్న నూనె డబ్బాలోకి మళ్ళి, చివరకు గుడగుడమని ఒక త్రేన్పు వినబడుతుంది. ఆ గుడగుడ విన్నాకనే కొలపుల్ల చూడాలి. చూస్తే అరలీటరుకు పైగా తగ్గి ఉన్నది. ఆ మేర పోశాడు.

ఆ రాత్రి తెనాలికి ఫోను చేశాను. అక్కడ తెల్లవారి అక్కయ్య కాఫీ త్రాగుతున్నది. "వాడి ఇంజను తిరిగిందట్రా?" అన్నది. రేపు తిరుగుతుందని చెప్పి, ఆ వెంటనే, ఆగితే మళ్ళీ చెప్పలేనని, 1978 నాటిది కూడా చెప్పాను. పెళ్ళి వెనక్కుపోయినందుకు నొచ్చుకుంటుందని భయపడ్డాను. దాని మాటే ఎత్తలేదు. చాలాసేపటికి, "ఆ మేస్త్రీకి ఇద్దరు పిల్లలుండాలి కదరా. ఎక్కడున్నారో?" అన్నది.

ఆదివారం ఉదయం ఇంజను అందుకున్నది. పది సెకన్లలో నూనె ఒత్తిడి లేవకపోతే ఆపివేయాలని వాడు చీటీమీద వ్రాసి ఎదుట అంటించుకున్నాడు. నేను పక్కన నిలబడి పైకే లెక్కపెట్టాను. మూడు అనేలోగా వాడు బొటనవ్రేలు ఎత్తి చూపించాడు. పులిహోరలో ఉప్పు తక్కువైందని అందరూ అన్నారు.

జూన్ నెలలో ఊరికి తిరిగి వచ్చాను. తెనాలిలో ఆ మేస్త్రీ దుకాణం ఉన్న సందులో ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగళ్ళు ఉన్నాయి. ఒక ముసలి టైరు పంక్చర్లాయన, పెద్దబ్బాయి చిలకలూరిపేటలో బోరు మోటార్లు బాగుచేస్తాడని చెప్పాడు. వచ్చే గురువారం అక్కయ్యా నేనూ బయలుదేరుతున్నాము.