షాద్‌నగర్ ఎక్కుడు

మహబూబ్‌నగర్ నుంచి షాద్‌నగర్ దాకా ఎక్కుడే. ఒకప్పుడది మీటర్‌గేజ్ దారి. రాత్రిళ్లు కంప్యూటర్‌లో ఓపెన్ రైల్స్ అనే రైలు సిమ్యులేటర్ తెరిచి, ఆ దారి కోసం ఒక వైపీ ఆవిరి ఇంజన్‌కు అంకెలు దిద్దుతున్నా. బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు, కాగితం మీద.

మొదటిసారి నా ఇంజన్ పది బోగీలతో ఎక్కుడును జింకలా ఎక్కేసింది. నవ్వొచ్చింది. ఆవిరి పుట్టే వేగం తగ్గించాను. ఇప్పుడు సిలిండర్లలోకి ఎక్కువ ఆవిరి వెళ్లేలా కటాఫ్ పెంచితే ఆవిరి తరిగిపోతోంది. ఇంజెక్టర్‌తో బాయిలర్‌లోకి చల్లటి నీళ్లు పంపితే ఒత్తిడి ఇంకా పడిపోతోంది. కట్టెల పొయ్యి మీద జొన్న గటక వండినవాళ్లకు ఈ తంటా చెప్పక్కర్లేదు. బొగ్గు ఎగదోసిన ఫైర్‌మన్ నడుము నొప్పికి మాత్రం ఏ ఫైల్లోనూ గడి లేదు.

నిన్న షాద్‌నగర్ చేరేసరికి 140 పౌండ్లే మిగిలాయి. బండి 11 నిమిషాలు లేటు.