ఆ కొండదారిలో నాలుగు గుర్తులు

చరిత్ర అనగానే మన జల్‌పల్లి హాస్టల్ పిల్లలకు గుర్తొచ్చేవి చార్మినారు, గోల్కొండ. బస్సు కిటికీలోంచి క్షణంలో దాటిపోయే చరిత్ర కూడా ఉంటుందని మేము ఆదిలాబాద్ కొండల్లో తెలుసుకున్నాం. పదో తరగతి వాళ్ళం, ఇద్దరు సార్లు, రెండు రోజుల యాత్ర. మాలో ఒకడిది ఉట్నూరు వైపు గూడెం. దారి పొడుగునా చెప్పింది వాడే.

మొదటి గుర్తు నిర్మల్‌లో. 1860లో రాంజీ గోండును, ఆయనతోపాటు వెయ్యి మందిని ఇక్కడ ఒక మర్రిచెట్టుకు ఉరితీశారని చెబుతారు. అందుకే దానికి ‘వెయ్యి ఉరుల మర్రి’ అని పేరు. ఆ చెట్టు గాలివానకు కూలిపోయింది. ఇప్పుడు స్మారక స్థూపం ఉంది. చెట్టు పోయినా పేరు పోలేదు.

మహబూబ్ ఘాట్ ఎక్కి, గుడిహత్నూర్ దగ్గర కుడివైపు తిరిగితే ఇంద్రవెల్లి వస్తుంది. అక్కడ ఎర్రటి స్థూపం. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. భూములకు పట్టాలు కావాలని, అన్యాక్రాంతమైన భూములు తిరిగి ఇవ్వాలని గిరిజన రైతుకూలీ సంఘం సభ పెట్టింది. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదని 1970లోనే 1/70 చట్టం వచ్చినా, భూములు పోతూనే ఉన్నాయి. సభకు అనుమతి రద్దయింది, 144వ సెక్షన్ పెట్టారు. ఆ సంగతి తెలియని గూడేల జనం కొండలు దిగి వచ్చారు. కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్కలో చనిపోయింది 13 మంది. హక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు. 1983లో కట్టిన స్థూపాన్ని 1986లో పేల్చేశారు. తర్వాత మళ్ళీ కట్టారు. ఏళ్ళ తరబడి ఏప్రిల్ 20న అక్కడ ఆంక్షలు ఉండేవి.

“మా అవ్వ రోడ్డు మీదికెళ్ళే మొక్కేదిరా, దగ్గరికి పోనియ్యకపోయేది” అన్నాడు మా వాడు. అప్పటిదాకా ఫోటోలు దిగుతున్న వాళ్ళం గమ్మున అయిపోయాం. ఆ రాయి మాకు యాత్రాస్థలం. వాడికి ఇంట్లో మనిషి లాంటిది.

జైనూరు మండలం మార్లవాయిలో రెండు సమాధులు చూశాం. ఆస్ట్రియాలో పుట్టిన పండితుడు హైమన్‌డార్ఫ్‌ది ఒకటి, ఆయన భార్య బెట్టీది ఒకటి. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో పోరాడి అమరుడయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం ఈయనను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. బెట్టీ 1987లో, ఆయన 1995లో చనిపోయారు. చదువు చెప్పించినందుకు ఒక ఊరు ఇంత గుర్తు పెట్టుకుంటుందా అని ఆశ్చర్యపోయాం. హాస్టల్లో ఉండి చదువుకునే మనకు ఆ విలువ వేరే చెప్పనక్కర్లేదు.

చివరిది జోడేఘాట్. 12 గూడేల భూమి కోసం భీం నిలబడిన చోటు. ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ వర్ధంతి చేస్తారు. 2016లో జిల్లాకే ఆయన పేరు పెట్టారు. భూమి అడిగి 1940లో కొందరు, మళ్ళీ 1981లో ఎందరో పోయారు. 41 ఏళ్ళ తేడాలో అడిగింది మాత్రం ఒక్కటే. ఈ మాట ఏ ఒక్క రాయి మీదా కనిపించదు. అన్నీ చూసి కలుపుకుంటేనే తెలుస్తుంది.

రాళ్ళు లేని చరిత్ర కూడా ఆ కొండల్లో ఉంది. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశీయులు గోదావరి నీళ్ళు కాలినడకన తెస్తారు. గోండుల వంశాల కథలను ప్రధానులు కిక్రి వాయిస్తూ పాడతారు. వాళ్ళకు నడకే పుస్తకం, పాటే శాసనం.

తమ్ముళ్ళారా! మన హాస్టల్లో ఎన్నో ఊళ్ళ పిల్లలున్నారు. మన పేటల్లోనూ ఏ రాయీ వేయని కథలున్నాయి. వెట్టి మానిన రోజు, బావి నీళ్ళకోసం కొట్లాడిన రోజు, మొదటిసారి బడికి పోయిన మనిషి. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అవ్వను, తాతను కూర్చోబెట్టి అడగండి. పేర్లు, ఏళ్ళు నోటుబుక్కులో రాసుకు రండి. వాళ్ళు ఉండగానే అడగాలి. వచ్చే సంచికలో అవి అచ్చు వేద్దాం.